అణు విద్యుత్ కేంద్రానికి పదవీ విరమణ వయస్సు ఎంత?

పదవీ విరమణ తేదీ ఎలా నిర్ణయమవుతుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో రాసిన పుట్టిన తేదీయే దానికి ఆధారం. మనిషి ఎంత గట్టిగా ఉన్నాడు, ఇంకా ఎంత పని చేయగలడు అన్నది లెక్కలోకి రాదు. పోనీ ఆ అంకె అయినా శిలాశాసనమా అంటే అదీ కాదు. 1983లో మన రాష్ట్ర ప్రభుత్వం 58 ఏళ్ళను 55కు తగ్గించినప్పుడు ఎన్ని వేలమంది ఒక్క కలంపోటుతో ఇంటిదారి పట్టారో, ఎంత ఆందోళన జరిగిందో పాతవారందరికీ గుర్తే. కొద్దికాలానికే మళ్ళీ 58 అయింది. కేంద్ర ఉద్యోగులకు 1998లో 60 చేశారు. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021లో 61 అయింది. మనిషి శరీరం మారలేదు, అంకె మాత్రమే మారుతూ వచ్చింది.

ఇదే ప్రశ్న ఇప్పుడు ప్రపంచమంతటా యంత్రాల విషయంలో వచ్చింది. 1960లలో, 70లలో కట్టిన అణు విద్యుత్ కేంద్రాలు ముసలివయ్యాయి. వాటిని ఆపేయాలా, మరమ్మతు చేసి మరికొన్నేళ్ళు నడపాలా? ఒకవైపు కరెంటు అవసరం, మరోవైపు ప్రాణభయం. ఈ ప్రశ్నకు పుట్టిన తేదీ చూసి జవాబు చెప్పవచ్చునా అన్నదే ఈ వ్యాసంలో చర్చించదలచిన విషయం.

మనకేమిటి సంబంధం?

బార్కస్‌లో ఉన్నవారికి అణు విద్యుత్తుతో ఏం పని అని కొందరు అడగవచ్చు. తెలుగు నేలమీద అణు విద్యుత్ కేంద్రం ఇంతవరకు ఒక్కటీ లేని మాట నిజమే. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ ప్రతిపాదన దశలోనే ఉంది. కాని దేశంలోని అణు కేంద్రాల ఆయుష్షుకు, హైదరాబాదుకు చాలా దగ్గర బంధుత్వం ఉంది.

మన పేటకు ఆ పేరు ఎలా వచ్చిందో అందరికీ తెలుసు. నిజాం కొలువులో ఉన్న అరబ్బు సిపాయిల బ్యారక్సులే జనం నోట బార్కస్ అయ్యాయి. హద్రమౌత్ నుంచి వచ్చిన ఆ సిపాయిల కొలువు 1948 పోలీసు చర్య తర్వాత ముగిసింది. కొలువు పోయినా కుటుంబాలు ఇక్కడే నిలిచాయి, జామతోటలు పెంచుకున్నాయి. ఆ తర్వాతి తరంలో ఈ చుట్టుపక్కలకు వచ్చిన కొలువులు వేరు. కూతవేటు దూరంలోని కంచన్‌బాగ్‌లో రక్షణ ప్రయోగశాలలు వెలిశాయి. 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్ ప్రత్యేకమైన ఉక్కులు, మిశ్రలోహాలు తయారుచేసి రక్షణ, అంతరిక్ష, అణుశక్తి రంగాలకు అందిస్తున్నది. నగరానికి అవతలి కొసన మౌలాలి వైపు రెండు పెద్ద సంస్థలు ఉన్నాయి. ఒకటి 1967లో పశ్చిమ గోదావరి బిడ్డ అయ్యగారి సాంబశివరావు గారు నిలబెట్టిన ఇ.సి.ఐ.ఎల్. అణు కేంద్రాల కంట్రోలు పరికరాలు అక్కడ తయారవుతాయి. రెండవది న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, మనవారి నోట ఎన్.ఎఫ్.సి. దేశంలోని రియాక్టర్లకు ఇంధన కట్టలు, వాటిని ఇముడ్చుకొనే జిర్కోనియం గొట్టాలు 1970ల నుంచి అక్కడే తయారవుతున్నాయి. అణు కేంద్రం ముసలిదైతే దానికి కొత్త నరాలు వేసేది హైదరాబాదే అన్నమాట.

పాత రోజుల్లో కేంద్రాలు ఎలా రిటైరయ్యాయి?

హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో మొదలైన థర్మల్ కేంద్రం పొగగొట్టాలను చూసినవారు మనలో ఇంకా ఉన్నారు. దాని కాలం తీరింది, ఆపారు, 1990లలో కూల్చారు. ఆ ప్రాంతంలో ఇప్పుడు ఎన్.టి.ఆర్. గార్డెన్స్ ఉంది, పిల్లలు ఆడుకుంటున్నారు. పాల్వంచలో 1966 నుంచి కరెంటు ఇచ్చిన కొత్తగూడెం పాత యూనిట్లు కూడా 2020 నాటికి ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. వాటి 8 కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కొన్ని క్షణాలలో నేలమట్టం చేశారు. బొగ్గు కేంద్రానికి వీడ్కోలు అంత సులభం. ఇనుము అమ్ముకోవచ్చు, స్థలం మరో పనికి వాడుకోవచ్చు.

అణు కేంద్రానికి ఈ సౌకర్యం లేదు. ఆపేసిన తర్వాత కూడా లోపలి భాగాలలో రేడియేషన్ దశాబ్దాల పాటు ఉంటుంది. వాడిన ఇంధనాన్ని చల్లబరుస్తూ, కాపలా కాస్తూ ఉండాలి. కనుక దానిని నడిపించడమూ ఖర్చే, ఆపడమూ ఖర్చే. ఈ విషయం దృష్టిలో ఉంచుకొంటేనే తక్కిన చర్చ అర్థమవుతుంది.

రియాక్టరులో ముసలితనం ఎక్కడ వస్తుంది?

మన దేశంలోని రియాక్టర్లలో ఎక్కువ భాగం భారజలంతో నడిచేవి. పాత 220 మెగావాట్ల రియాక్టరులో 306 గొట్టాలు అడ్డంగా అమర్చి ఉంటాయి. ఒక్కొక్క గొట్టంలో 12 యురేనియం కట్టలు వరుసగా ఉంటాయి. అధిక పీడనంలో వేడి భారజలం ఆ కట్టల మీదుగా పారుతుంది. ఈ గొట్టం మరొక పెద్ద గొట్టం లోపల ఉంటుంది. రెండూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో స్ప్రింగు చుట్లు వేస్తారు.

గొట్టాలకు జిర్కోనియం ఎందుకంటే అది న్యూట్రాన్లను మింగేయదు. కాని ఏళ్ళ తరబడి వేడికి, పీడనానికి, న్యూట్రాన్ల తాకిడికి గొట్టం పొడవు సాగుతుంది, మధ్యలో కుంగుతుంది. పైగా నీటిలోని హైడ్రోజన్ జాతి వాయువును కొద్దికొద్దిగా పీల్చుకొని పెళుసెక్కుతుంది. మన ఎముకలు గుల్లబారినట్లే అనుకోండి.

ఇది ఊహ కాదని 1983 ఆగస్టు 1న కెనడాలోని పికరింగ్ కేంద్రంలో తేలింది. రెండవ యూనిట్‌లో ఒక గొట్టం సుమారు 2 మీటర్ల పొడవున చీలిపోయింది. స్ప్రింగు చుట్టు జరిగిపోవడంతో లోపలి వేడి గొట్టం కుంగి బయటి చల్లని గొట్టాన్ని తాకింది. తాకిన చోట హైడ్రోజన్ చేరి లోహం పెళుసై పగిలింది. సిబ్బంది రియాక్టరును క్షేమంగా ఆపగలిగారు. కాని అదే రకం లోహం, అదే రకం అమరిక మన రాజస్థాన్, మద్రాసు కేంద్రాలలోనూ ఉన్నాయి.

రాజస్థాన్ అన్నదమ్ముల కథ

కోట పట్టణానికి ఎగువన, చంబల్ నది ఒడ్డున, రావత్‌భాటా వద్ద రెండు యూనిట్లు కెనడా సహకారంతో మొదలయ్యాయి. మొదటిది 1973లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. 1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత కెనడావారు చేతులెత్తేశారు. రెండవదానిని మనవారే పూర్తిచేసి 1981లో నడిపించారు. ఒకే నమూనాలో పుట్టిన అన్నదమ్ములివి. కాని వాటి జాతకాలు ఒకటి కాలేదు.

అన్నకు మొదటినుంచీ అనారోగ్యమే. రియాక్టరు చివర ఉండే కవచంలో పగుళ్ళు వచ్చాయి. ఆ కవచాన్ని మార్చడం సాధ్యం కాని పని. అతుకులు వేశారు, సామర్థ్యాన్ని 100 మెగావాట్లకు తగ్గించారు. 2004 అక్టోబరులో ఆగిన ఆ యూనిట్ మళ్ళీ పనిలోకి రాలేదు. తమ్ముడి జబ్బు వేరు. దాని గొట్టాలు కుంగాయి, అవి మార్చదగ్గవి. 1994లో ఆపి 306 గొట్టాలనూ ఊడదీసి, హైదరాబాదులో తయారైన కొత్త గొట్టాలు వేసి, 1998లో మళ్ళీ నడిపారు. పాత గొట్టాల మిశ్రలోహం స్థానంలో నియోబియం కలిపిన మేలైన మిశ్రలోహం వచ్చింది. ఒక్కొక్క గొట్టానికి రెండు స్ప్రింగు చుట్లు ఉండే చోట జరిగిపోకుండా పట్టి ఉంచే నాలుగు చుట్లు వచ్చాయి. కేంద్ర ఉద్యోగుల రిటైర్మెంటు వయస్సు రెండేళ్ళు పెరిగింది కూడా ఆ సంవత్సరమే.

ఇది దేశంలో మొదటిసారి జరిగిన పని. రేడియేషన్ ఉన్న చోట మనిషి ఎక్కువసేపు నిలబడరాదు. దూరంనుంచి నడిపే పనిముట్లను మనవారే తయారుచేసుకున్నారు. కొంత పని చేతితో చేయక తప్పలేదు. ప్రతి కార్మికుడి ఒంటిమీద బిళ్ళ పెట్టి తీసుకున్న రేడియేషన్ లెక్క రాశారు. ఆయుష్షు పొడిగింపు అని కాగితంమీద రాయడం తేలిక. దాని వెనుక మనుషుల శరీరాలు భరించిన పాలు కూడా ఉంటుందని ఉద్యోగులమైన మనం మరచిపోరాదు.

రాజస్థాన్‌లో నేర్చిన పని మద్రాసు కేంద్రానికి అక్కరకు వచ్చింది. కల్పాక్కం కరెంటులో మన రాష్ట్రానికీ కొంత వాటా వచ్చేది. అక్కడ భారజలం లోపలికి వచ్చే మార్గంలోని భాగాలు విరగడంతో 1989 నుంచి సామర్థ్యాన్ని 170 మెగావాట్లకు తగ్గించి నడిపారు. 2002 నుంచి 2006 లోపల రెండు యూనిట్లలోనూ గొట్టాలు మార్చారు. విరిగిన భాగాల పని చేసే కొత్త అమరిక పెట్టారు. తిరిగి 220 మెగావాట్లు సాధించారు. తర్వాత నరోరా, కాక్రపార్ వంతు వచ్చింది. రాజస్థాన్ మూడవ యూనిట్‌కు కూడా ఈ చికిత్స చేసి 2024లో మళ్ళీ నడిపారు.

వయస్సు ఒక్కటే శత్రువా?

ఇంతవరకు చదివినవారికి కొత్త గొట్టాలు వేస్తే చాలు, భయం లేదు అనిపించవచ్చు. అంత తొందర వద్దు. కాక్రపార్ మొదటి యూనిట్‌కు 2011 నాటికి గొట్టాలన్నీ మార్చారు. ఐదేళ్ళు గడిచాయో లేదో, 2016 మార్చి 11న అందులో ఒక కొత్త గొట్టమే పగిలి భారజలం కారింది. గొట్టం బయటివైపు తుప్పు మచ్చలు ఏర్పడినట్లు దర్యాప్తులో బయటపడింది. మళ్ళీ అన్నీ మార్చి 2019లో గాని ఆ యూనిట్‌ను నడపలేకపోయారు. కొత్తది కావడం వేరు, నమ్మదగినది కావడం వేరు.

నరోరా సంగతి ఇంకా గట్టిది. 1993 మార్చి 31 తెల్లవారుజామున మొదటి యూనిట్ టర్బైన్ రెక్కలు విరిగి మంటలు లేచాయి. కేబుళ్ళు కాలిపోయాయి, సుమారు 17 గంటలు కేంద్రానికి కరెంటే లేదు. సిబ్బంది టార్చిలైట్లతో పైకెక్కి బోరాన్ ద్రావణం వదిలి రియాక్టరు మళ్ళీ అంటుకోకుండా చూశారు. రేడియేషన్ బయటకు రాలేదు, ప్రాణనష్టం జరగలేదు. ఆ యూనిట్ వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టి అప్పటికి రెండేళ్ళు దాటింది, అంతే! అంటే ప్రమాదానికి పుట్టినతేదీతో పనిలేదు. కేబుళ్ళు ఏ దారిన వేశారు, ఒకటి కాలితే రెండవది మిగిలే ఏర్పాటు ఉందా అన్నదే అక్కడ ముఖ్యమైంది.

అందరిలో పెద్దది తారాపూర్

మన దేశంలో అణు విద్యుత్తుకు పెద్దక్క తారాపూర్. బొంబాయికి ఉత్తరాన అమెరికా కంపెనీ కట్టి ఇచ్చిన రెండు యూనిట్లు 1969 అక్టోబరులో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి. ఇవి భారజలం రకం కావు, మామూలు నీటిని మరిగించే రకం. ఒక్కొక్కటి 210 మెగావాట్లవి. ఆవిరి తయారుచేసే భాగాలలో లీకుల వల్ల 1980లలో 160కి తగ్గించారు. పోఖ్రాన్ తర్వాత అమెరికా ఇంధనానికి చిక్కులు పెట్టింది. అప్పుడు ఫ్రాన్సు, తర్వాత చైనా, రష్యా యురేనియం ఇచ్చాయి. ఎక్కడి నుంచి వచ్చినా దానిని బిళ్ళలుగా చేసి, గొట్టాలలో నింపి, కట్టలు కట్టే పని హైదరాబాదుదే.

జపాన్‌లోని ఫుకుషిమా మొదటి యూనిట్ కూడా మరిగే నీటి రకమే, అదే కంపెనీ రూపకల్పనే. అది 1971లో మొదలైంది, అంటే తారాపూర్ కంటే చిన్నది. దానికి 40 ఏళ్ళు నిండబోతుండగా 2011 ఫిబ్రవరిలో అక్కడి అధికారులు మరో పదేళ్ళు నడపడానికి అనుమతి ఇచ్చారు. నెల దాటిందో లేదో, మార్చి 11న, సునామీ వచ్చింది. గొట్టాల వయస్సు చూశారు, గోడల బలం చూశారు. సముద్రం ఎంత ఎత్తు లేవగలదన్నది సరిగా చూడలేదు. ఆయుష్షు పొడిగించేవారికి ఇంతకంటె పెద్ద పాఠం లేదు.

తారాపూర్ యూనిట్లను 2005లో ఆపి మరమ్మతు చేసి 2006లో నడిపారు. ఫుకుషిమా తర్వాత మళ్ళీ తనిఖీలు చేశారు. 2020లో రెండింటినీ ఆపి రియాక్టరుకు నీళ్ళు తిప్పే ప్రధాన పైపులు మార్చే పెద్ద పని చేపట్టారు. యాభై ఏళ్ళు దాటిన యంత్రాల మీద ఇంత ఖర్చు అవసరమా అన్నవారున్నారు. కొత్తది కట్టడానికి పట్టే కాలం, డబ్బు చూస్తే ఇదే చవక అన్నవారూ ఉన్నారు. రెండు వాదాలలోనూ బలం ఉంది.

ఇతర దేశాల తీరు

అమెరికాలో మొదట లైసెన్సు 40 ఏళ్ళకు ఇచ్చేవారు. ఆ 40 ఏ ఇంజనీరూ గొట్టాలను పరీక్షించి చెప్పిన అంకె కాదు. పెట్టుబడి తీరే కాలం, వ్యాపారంలో పోటీ వంటి ఆలోచనలతో చట్టంలో పెట్టిన అంకె. మన 58 లాంటిదే! 2000లో మొదటిసారి 60కి పొడిగించారు. తర్వాత కొన్నిటికి 80 వరకు అనుమతులు ఇచ్చారు. జర్మనీ దీనికి పూర్తి విరుద్ధంగా, 2023 ఏప్రిల్ 15న నడుస్తున్న చివరి మూడింటినీ మూసేసింది. కాలిఫోర్నియాలో డయాబ్లో కాన్యన్ కేంద్రాన్ని మూయాలని 2016లో అనుకున్నారు. కరెంటు చాలదన్న భయంతో 2022లో ఆ రాష్ట్ర శాసనసభే పొడిగింపుకు చట్టం చేసింది. ఈ నిర్ణయాలలో యంత్రం ఆరోగ్యం పాలు కొంత, రాజకీయం పాలు కొంత.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఎవరివ్వాలి?

మనలో ప్రతివాడూ ఉద్యోగంలో చేరేటప్పుడు సివిల్ సర్జన్ దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడే. మన బావమరిదే ఆ డాక్టరు అయితే ఆ కాగితానికి విలువ ఉండేదా? మన దేశంలో అణు కేంద్రాలను తనిఖీ చేసే అణుశక్తి నియంత్రణ మండలి 1983 నవంబరులో ఏర్పడింది. ఐదేళ్ళకొకసారి లైసెన్సు, పదేళ్ళకొకసారి సమగ్ర సమీక్ష అనే మంచి పద్ధతి పెట్టింది. అయితే కేంద్రాలను నడిపే శాఖ ఏ పెద్దల కింద ఉందో, తనిఖీ చేసే మండలి కూడా ఆ పెద్దలకే జవాబుదారీ. 1993 నుంచి 1996 వరకు మండలికి అధ్యక్షులుగా ఉన్న ఎ. గోపాలకృష్ణన్ గారు ఈ లోపాన్ని బహిరంగంగానే ఎత్తిచూపారు. 2012లో కాగ్ నివేదిక కూడా దీనినే తప్పుపట్టింది. స్వతంత్ర సంస్థ కోసం 2011లో పెట్టిన బిల్లు పార్లమెంటులోనే మురిగిపోయింది. చివరకు 2025 డిసెంబరులో వచ్చిన శాంతి చట్టం మండలికి చట్టబద్ధమైన హోదా ఇచ్చింది. అదే చట్టం అణు విద్యుత్తులోకి ప్రైవేటు కంపెనీలకూ తలుపు తెరిచింది. లాభం కోసం నడిపేవారు వచ్చినప్పుడు “ఇక చాలు, ఆపండి” అనగల డాక్టరు అవసరం మరింత పెరుగుతుంది. హోదా కాగితంమీద ఉంటే చాలదు, ఆచరణలో కనబడాలి.

కేంద్రానికి కూడా పెన్షన్

ఆపేసిన అణు కేంద్రాన్ని దశాబ్దాల పాటు పోషించాలని ముందే చెప్పుకున్నాం. ఆ డబ్బు ఎక్కడిది? మన ప్రావిడెంట్ ఫండ్ లాగే, కేంద్రం సంపాదించే రోజుల్లోనే దాచాలి. కరెంటు ధరలో యూనిట్‌కు 2 పైసల చొప్పున ఇందుకోసం పక్కన పెట్టే ఏర్పాటు చేశారు. సగం జీవితం తక్కువ సామర్థ్యంతో, ఆగుతూ నడిచిన రాజస్థాన్ మొదటి యూనిట్ వంటిది ఎన్ని పైసలు కూడబెట్టి ఉంటుంది? పెన్షన్ నిధి చాలకపోతే ఏమవుతుందో పెన్షనర్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ లెక్క బహిరంగంగా ఉండాలి. ఎందుకంటే ఆ బిల్లు కట్టవలసినవారు మన మనుమలు.

చివరి మాట

పై చరిత్రనుబట్టి తేలేది ఇది. ముసలి కేంద్రాలన్నీ మూయాలనడమూ తప్పే, అన్నీ నడపాలనడమూ తప్పే. ప్రతి యూనిట్‌నూ విడిగా మూడు ప్రశ్నలు అడగాలి. పాడైన భాగం మార్చదగ్గదా, కాదా? మార్చలేని భాగాన్ని కళ్ళతో చూసి పరీక్షించే వీలుందా? కట్టిన నాడు ఊహించని వరద, మంట, సునామీ వస్తే తట్టుకుంటుందా? మూడింటికీ అవునని జవాబు వస్తే, దానిని నడిపేవారు కాక వేరొకరు ఆ జవాబుపై సంతకం చేస్తే, నిరభ్యంతరంగా పొడిగించవచ్చు. రాజస్థాన్ తమ్ముడి విషయంలో జరిగింది అదే. ఒక్కదానికి కాదని వచ్చినా, అన్నలాగా గౌరవంగా విశ్రాంతి ఇవ్వాలి. కరెంటు కొరత ఉందనో, ఖర్చు పెట్టేశామనో మొండికి పోకూడదు.

ఎన్.ఎఫ్.సి., ఇ.సి.ఐ.ఎల్., మిధానీలలో పనిచేసి రిటైరైనవారు ఈ నగరంలో వేలమంది ఉన్నారు. ఏ గొట్టం ఏ సంవత్సరంలో వెళ్ళింది, ఏ లోహంలో ఏ లోపం కనబడింది అన్నవి ఫైళ్ళలో కొంత, వారి జ్ఞాపకాలలో కొంత ఉన్నాయి. నలభై ఏళ్ళనాటి యంత్రాన్ని పరీక్షించవలసిన నేటి యువ ఇంజనీరుకు ఆ జ్ఞాపకం ఎంతో విలువైనది. సంస్థలు వారిని పిలిచి అడగాలి. రహస్య నియమాలకు భంగం కలగకుండా, తెలిసినది సంస్థకు రాసి ఇవ్వడం మన పెద్దల బాధ్యత కూడా. యంత్రానికి ఆయుష్షు పొడిగించేముందు దానిని ఎరిగినవారి మాట వినడం ఖర్చులేని పని.